పన్నెండో వంతు

ఇరవై మూడోసారి కూడా వంతెన పోయింది.
తొమ్మిదో వంతులో, ఎప్పట్లాగే,
ఉత్తరపు అడవిలోంచి బురద రంగు ట్యాంకులు
పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చిపడ్డాయి.

పన్నెండు వంతులు నిలబడాలి. అంతే.
నాకిచ్చినవి నాలుగు దళాలు, అందులో ఒకటి సగం చచ్చినది,
ఒక ఇంధనం లారీ.
దాన్ని ఈసారి గుట్ట వెనక దాచాను.
దాచి, మరిచిపోయాను.

"పడుకో రింవీదస్," అంది యోవితా
గోడవైపు తిరిగే.
"రెండున్నరకి పిండి కలపాలి నువ్వు."

కలుపుతుంటే తట్టింది:
మూడో దళాన్ని రేవులో కాక
పాత మిల్లులో పెట్టి ఉంటే?
బల్లమీది రై పిండిలో వేలితో
ఆరు మూలల గడులు గీశాను,
మిల్లు, రేవు, గుట్ట.
పొయ్యి నాకోసం ఆగదు. చెరిపేశాను.

తెల్లవారుతుండగా రొట్టెల వ్యాన్‌లో
నేమునస్ దాటుతూ, నడి వంతెన మీద
ఎందుకో బ్రేకు వేశాను.
ఉత్తరపు గట్టు. మంచు. చెట్లు.
ఏదీ కదల్లేదు.
వెనకాల హారన్లు తిడుతున్నాయి.

పదింటికి బడి నుంచి ఫోను:
ఇవాళ రొట్టెల్లో ఉప్పే లేదట.

సరఫరా లారీ అండీ, అన్నాను,
గుట్ట వెనక ఉండిపోయింది.