యజమాని పేరు

సాఫ్ట్‌వేర్ తెరిచిన ప్రతిసారీ
గీత గీయకముందే ఒక పేరు కనబడేది
బూడిదరంగు డబ్బాలో, రెండు క్షణాలు:
ఈ ప్రతి యజమాని, బందెల యెహెజ్కేలు.

మా హాస్టల్ మేడమీద పదకొండు లాప్‌టాపులు,
పదకొండింటికీ ఆయనే యజమాని.
బ్రాడీపేట నాలుగో లైన్లో జిరాక్స్ కొట్టు కుర్రాడు
ముప్పై రూపాయలకి పెన్‌డ్రైవ్‌లో పోసిచ్చేవాడు
పాలప్యాకెట్ ఇచ్చినంత మామూలుగా.
"యాంటీవైరస్ ఆపెయ్, నెట్ తీసెయ్,
అడిగినదానికల్లా సరే అను."
మా బ్యాచ్ మొత్తానికి అదే ఉపదేశం.

కాలేజీ ల్యాబ్‌లో నలభై మానిటర్లు వెలిగితే
నలభై మంది యెహెజ్కేళ్ళు.
హాజరు పట్టీలో లేని మనిషి
అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు.
మేధోసంపత్తి హక్కుల పాఠం రోజున
ప్రొజెక్టర్ మీద గోడంత అయ్యాడు.
మేడమ్ గబుక్కున తెరకి అడ్డం నిలబడితే
పేరు ఆవిడ చీర మీద పడింది.

హైదరాబాదులో మేడ కట్టుంటాడని నసీమ.
జైల్లో ఉంటాడని నేను.

మూడేళ్ళకి
మిర్చియార్డు పక్కన గోదాము కొలతలకి పోయి
ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ
కాటా గదిలో రసీదు తీసుకున్నాను.
కింద, గుండ్రటి అక్షరాల్లో, ఆ సంతకం.

ముక్కుకి తువ్వాలు, జేబులో రెండు పెన్నులు.
ఎలా అడగాలో తెలియక
లాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పాను.
రెండు క్షణాలు.
మళ్ళీ తెరవమన్నాడు.
మళ్ళీ.

"కొన్నానమ్మా" అన్నాడు.
"మా అమ్మ తొడిమలు తీసిన కూలీ, నా స్కాలర్‌షిప్పూ కలిపి.
దొంగది వాడితే ముందు మమ్మల్నే గదా పట్టుకునేది,
అదీ భయం.
రూమ్మేట్ ఒక్క రాత్రికి అడిగాడు. ఇచ్చాను."
ఆఖరి సంవత్సరం ఫీజు కట్టలేదన్న మాట
నేనడగలేదు,
రసీదు పుస్తకం సర్దుకుంటూ తనే అన్నాడు.

లారీ కాటా ఎక్కింది.
ఎర్రంకెలు ఊగి, ఊగి, నిలిచాయి.
రాసుకున్నాడు.

"కొత్తది వచ్చిందా?"
"వచ్చింది. దాంట్లో పేరు రాదు,
నెలనెలా డబ్బు కట్టాలి."
"అద్దెకా!" అని నవ్వబోయి, తుమ్మి,
వెనక లారీకి చెయ్యూపాడు.