ఇరవై అయిదుకొక కట్ట

కోరుట్ల బస్టాండు ఎనుక, జిరాక్సు షాపుకూ
కుట్టుమిషన్ల రిపేరుకూ నడుమ నా దుకాణం.
పెండ్లి కార్డులు, తొట్టెల ఫంక్షన్ల తోరణాలు,
పాత పట్టుచీర అంచు అతికిన కట్నాల కవర్లు,
థర్మకోల్ మీద పుట్టినరోజు పిల్లల పేర్లు.
శ్రావణం వస్తే అన్నం తినే తీరిక ఉండదు.
ఆషాఢమంతా ఈగలు తోలుకుంట కూసుంట.

అట్లాంటి ఒక ఆషాఢంల నర్సుబాయి వచ్చింది.
కార్ఖానాల నెలకు పది రోజుల పనే ఇస్తున్నరట.
సంచిలోంచి కత్తెర తీసి బల్ల మీద పెట్టింది,
సర్టిఫికెట్ పెట్టినట్టు.
ముప్పయ్యేండ్లు తునికాకు కోసిన కత్తెర,
బొటనవేలు దూరే కంత అరిగి అరిగి
ఆమె వేలి ఆకారానికే వచ్చింది.

ముద్దబంతి రంగు క్రేప్ కాయిదం ఇచ్చిన.
ముందు వాసన చూసింది.
తర్వాత తడిబట్టల చుట్టబోయింది.
"వద్దక్కా, అది ఆకు కాదు."
"ఎండుతే ఇరుగదా మరి?"
ఇరుగదన్న.
ఎండినా విరగని ఆకును
చాలాసేపు వేళ్ల నడుమ నలిపి చూసింది.

స్కేలు అడగలేదు, పెన్సిలు అడగలేదు.
తన రేకు అచ్చు పెట్టి కోసింది.
రెక్క మీద రెక్క, బొటనవేలి ఒక్క తిప్పు,
దారం రెండు చుట్లు.
నేను ఒకటి చేసేలోపల
ఆమె ఒడిలోని చాటల తొమ్మిది.
తొమ్మిదీ మొగ్గలే.
బీడీ మూతి మలిచినట్టు ప్రతి పువ్వు తలనూ
గోరుతోని లోపలికి ముడిచేసింది.

"పువ్వు ఇచ్చుకోవాలె గదా?"
"మూసుడే వచ్చు పిల్లా నాకు.
తెరిసుడు నువ్వు చెప్పు."

చెప్పిన. వేలుకు ఎక్కలేదు.
వారం దినాలు విప్పబోయి చింపింది.
చింపినవి కొంగున దాచుకుంటుంటే
చూడనట్టు నేను గమ్ము డబ్బా వెతుక్కునేదాన్ని.

అప్పుడే మెట్‌పల్లి నుంచి భూమేష్ అనే ఆయన వచ్చిండు.
బిడ్డకు తొట్టెల.
ఏడో నెలలనే పుట్టిందట,
యాభై రెండు దినాలు కరీంనగర్ దవాఖానల గాజుపెట్టెల ఉందట.
ఫోన్‌ల దండల ఫోటోలన్నీ చూపెట్టిన.
అన్నిటికీ తల ఊపిండు, ఒక్కటీ నచ్చలేదు.
చూపు పోయి చాట మీద ఆగింది.
"మొగ్గలు కట్టుండ్రి అమ్మా, ఉత్త మొగ్గలు.
తొందరపడి వచ్చింది మా పిల్ల.
ఇగనన్న నిమ్మళంగ ఇచ్చుకోనీ."

నాలుగు వందలు.
రెండు పగళ్లు, కరెంటు పోయిన ఒక రాత్రి.
నర్సుబాయి లెక్క నూర్లల్ల ఉండదు, ఇరవై అయిదుకొక కట్ట.
పదహారు కట్టలు బల్ల మీద వరుసగా పేర్చి
కూసోకుండ నిలబడ్డది.
కూసోమన్నా కూసోలేదు.

"ఎన్ని తీసేస్తవ్?"

నాకు అర్థం కాలేదు.
అక్కడ కమీషన్దారు కట్ట విప్పి
రెండు మూడు ఏరి అవతల పారేస్తడట.
బాగున్నవి గూడ పారేస్తడట.
పారేసినవాటికి పైసల్లేవు,
కానీ పోయిన ఆకు లెక్క మాత్రం
చుట్టినోళ్ల మీదనే పడుతదట.

ఊరికే చూద్దామని ఒక కట్ట విప్పిన. నాదే తప్పు.
ఆమె కండ్లు నేల చూసినయ్.
అందుల ఒకటి వంకరపోయి ఉన్నది.
చేతిలకు తీసుకున్ననో లేదో, నోరు తెరిచేలోపలే
ఇంకొకటి చుట్టి కట్టల పెట్టేసింది.

నాలుగు వందల ఒకటికి పైసలిచ్చిన.
రెండుసార్లు లెక్కపెట్టి
రెండు రూపాయల బిళ్ల బల్ల మీద జరిపింది.
"ఎక్కువొచ్చినయ్."
"వంకరది నేను తీసుకున్న గదా."
బిళ్లను చూసింది, నన్ను చూసింది.
"దానికి గూడనా?" అన్నది.
చాట దులిపి, కత్తెర సంచిల వేసుకొని
బస్సు టైం అయితున్నదని పోయింది.

షట్టర్ తాళంచెవికి కట్టి ఉంటది ఆ మొగ్గ.
రంగంతా నా చేతులకే అంటి పోయింది.
దారం ముడి మాత్రం
ఎన్నిసార్లు జేబుల నలిగినా వదలలేదు.