కూత

ప్రొటెస్టుకు ఐదువందలు.
గెలిస్తే పైసలు వాపసు, ఓడితే రసీదు.
రూల్సు కాగితంల పదకొండో నంబరు:
కోచే రాయాలె, పది నిమిషాలల్ల ఇయ్యాలె.

హనుమకొండల ఫిబ్రవరి ఎండ.
సున్నపు గీతలు సగం చెరిగినయ్.
ములుగు నుంచి పన్నెండు మంది ఆడపిల్లలు,
నేను వాళ్ల పీడీ సారును.
ఆధార్ చూపిస్తే వాళ్లకు బస్సు ఉత్తగనే,
టికెటు నాకొక్కనికే.
అంగి జేబుల ఐదువందల అరవై.

ఆఖరి రెయిడు. ఒక్క పాయింటు ఎనుకబడ్డం.
గుగులోతు దేవిక పోయింది.
ఎడమ మూలల పిల్ల మోకాలు తాకింది, మళ్లింది,
మళ్లంగనే చీలమండ దొరికింది వాళ్లకు.
ఒకరి మీద ఒకరు, ఆరుగురు.
ఆ కుప్ప కిందికెల్లి ఒక చెయ్యి
దుమ్ముల పాకుకుంట వచ్చి
రెండు వేళ్లు నడిమి గీత మీద పెట్టింది.

అప్పటికే విజిలు పడ్డది.
కొమురెల్లి సారు తన గొంతు మీద చెయ్యి పెట్టి చూపెట్టిండు:
కూత తెగింది.

గీత సంగతైతే కొట్లాడొచ్చు.
వేళ్లకు సున్నం అంటుంది, చూపెట్టొచ్చు.
కూతకు ఏమంటుంది?
అటుపక్క డప్పులు, రోడ్డు మీద బస్సు హారను,
మైకుల ఎవరిదో బండి అడ్డమున్నది తియ్యమని.
అంత లొల్లిల ఒక పిల్ల ఊపిరి
ఎక్కడ తెగిందో ఆయనకెట్ల తెలిసె?
తెగలేదని నాకెట్ల తెలిసె?

"రాయుండ్రి సార్," అన్నది కెప్టెన్ పద్మావతి.
పెన్ను కూడ తెచ్చింది, మూత తీసి.

నేను దేవికనడిగిన.
మోచెయ్యి కొట్టుకపోయింది, నీళ్లు పోసుకుంటున్నది.
"తెగిందా బిడ్డా?"
"మీకు ఇనబడలేదా సార్?"

నాకు ఇనబడలే.
ఆ ముప్పై సెకండ్లు నేను జేబుల చెయ్యి పెట్టి
ఓడితే పిల్లలకు ఏం తినబెట్టాలె అని లెక్కేస్తున్న.
ప్లేటు నలభై, పన్నెండు ప్లేట్లు.

ఇంకోటి కూడ ఉన్నది. ఎవ్వలికి చెప్పలే.
ముప్పై ఏండ్ల కింద పరకాల టోర్నమెంటుల
నా మడిమె గీత దాటింది.
రెఫరీ చూడలే, నేను చెప్పలే.
ఆ షీల్డు ఇంట్ల ఇంక ఉన్నది, ఇత్తడి నల్లబడ్డది.
చింతపండేసి తోముత అంటది మా ఇంటామె.
వద్దంట.
ఎందుకు వద్దో ఆమె అడగది.

ఎనిమిదో నిమిషం.
కొమురెల్లి సారు చాయ తాగుకుంట నా దిక్కు చూసిండు.
ఆయన కండ్లల్ల పంతం లేదు.
రాస్తే రాయి అన్నట్టే ఉన్నది,
కొంచెం, రాస్తే బాగుండు అన్నట్టు కూడ.
పదో నిమిషానికి పెన్ను మూత పెట్టి
పద్మావతికి ఇచ్చిన.
ఆమె తీసుకోలే. కింద పడ్డది.

బస్టాండు బయట ఇడ్లీ తిన్నరు.
సాంబారు రెండోసారి అడిగిన్రు, మాట్లాడలే.
దేవిక సగం తిని ప్లేటు పక్కకు పెట్టింది.
పోయిన ఐదువందలకన్నా
పోని ఐదువందలే బరువైనయ్ ఆ రోజు.

ఆత్మకూరు దాటినంక
నా ముందు సీట్ల నుంచి మర్లి చూసింది.
"ఇప్పుడినుండ్రి సార్."
మొఖం కిటికీ దిక్కు తిప్పి మొదలువెట్టింది.

ఇంజను మోత. కండక్టరు చిల్లర గలగల.
అద్దంల ఆమె పెదవులు కదులుతనే ఉన్నయ్.
చేతి గడియారం చూసిన: పదిహేను, ఇరవై,
గూడెప్పాడు కాడ స్పీడు బ్రేకరు,
ఇరవై ఆరు, ముప్పై, ముప్పై నాలుగు.
పెదవులు ఆగలే.
వాటి ఎనుక కూత ఉన్నదో లేదో.

జేబుల చెయ్యి తీసి
ముందు సీటు కడ్డీ పట్టుకొని
చెవి వంచిన.