ఏడడుగుల టేపు

బెజవాడ స్టేషన్లో నా ఉద్యోగం
మాటల్ని కొయ్యడం.
బ్లేడు, మైనం పెన్సిలు, అంటించే పట్టీ.
గంట సంభాషణని పధ్నాలుగు నిమిషాలకి దింపాలి.
దగ్గు తీసెయ్, టీ జుర్రిన చప్పుడు తీసెయ్,
"అంటే... ఏంటంటే..." మొత్తం తీసెయ్.
సాయంత్రం గుంటూరు పాసింజరెక్కేసరికి
నా చీర కుచ్చిళ్ళకి ఎవరిదో ఒక ఊపిరి
కాఫీరంగు ముక్కై అంటుకుని ఉండేది.

ఆ ఏడాది, కథ ఎలా చెబుతారో
చెప్పేవాళ్ళనే అడిగి రమ్మన్నారు.

పట్నంబజారులో మస్తాన్‌బీ.
బుర్రకథలో ముప్ఫై ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయి.
"రాజు చచ్చాడని నేనెప్పుడూ చెప్పలేదమ్మా.
డక్కీ ఆపేస్తాం. అంతే.
ముందు వరసలో పిల్లోడు బెల్లం జీడి నమలడం మానేస్తాడు.
రాజు అక్కడ చస్తాడు,
ఆ పిల్లోడి నోట్లో."
మిర్చి యార్డు గాలికి మధ్యలో రెండుసార్లు దగ్గింది.
రెండూ కోసేశాను.

గాంధీనగరంలో ఏసుపాదం, సినిమా కటౌట్ల ఆర్టిస్టు.
నలభై అడుగుల మొహం మీద, ముక్కు పక్కన,
నిచ్చెన దిగకుండానే జవాబు చెప్పాడు.
"ఇక్కణ్ణించి చూస్తే ఇది ఉత్త ఇటికరంగు గోడ.
మనిషో కాదో తెలీదు.
దిగాలి. రోడ్డు దాటాలి. కిళ్ళీకొట్టు దగ్గర్నించి చూడాలి.
మళ్ళీ ఎక్కాలి.
ఒక్క చెంపకి పాతికసార్లు దిగుతా.
మీ రాసేవాళ్ళు దిగుతారా?"
కిందనించి ఎవరో బాకీ అడిగారు.
దానికి ఆయనిచ్చిన జవాబు కూడా బ్లేడుకే పోయింది.

హైమావతి గారు, బ్రాడీపేట నాలుగో లైను,
చింతపండులో పిక్కలు తీస్తూనే మాట్లాడారు:
"మా ఆడపడుచు మీద రాశానా,
ఆవిడే చదివి,
'మన పక్కింటి రత్తాలేగా, ఎంత బాగా పట్టావు వదినా' అంది.
హమ్మయ్య, కథ కుదిరిందనుకున్నా."
పిక్క గిన్నెలో పడ్డ చప్పుడు ఒకటి ఉంచాను,
ఇంజినీరు వద్దన్నా. ఎందుకో.

చివరికి కృష్ణలంకలో వెంకటనరసు గారు.
కాలువ లాకుల ఆఫీసులో గుమాస్తా.
ముప్ఫై ఏళ్ళలో మూడు కథలు.
"కథ ఎక్కడ ఆపాలో మీకెలా తెలుస్తుంది?" అన్నాను.
ఆయన నావైపు చూశారు.
కిటికీవైపు చూశారు.
పంకా తిరిగింది. వంతెన మీద గూడ్సుబండి
సగం దాకా వెళ్ళింది.
వంటింట్లో కుక్కర్ కూత వెయ్యబోయి మానుకుంది.
"నీళ్ళు తాగుతావా అమ్మా?" అన్నారు.

పదకొండు సెకన్లు.
సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున
దగ్గర దగ్గర ఏడడుగులు.
వినేవాడు రేడియో పాడైందనుకుంటాడు, అన్నారు పైవాళ్ళు.
ఒక్క సెకను ఉంచి కోసేశాను.
ప్రసారంలో ఆయన, ఏదడిగినా
టక్కున మంచినీళ్ళిచ్చే మనిషిలా వినిపించారు.

చాలా బాగుందని ఉత్తరాలొచ్చాయి. ఆయన రాయలేదు.
మస్తాన్‌బీ మాత్రం కబురు పెట్టింది:
"నా దగ్గేదమ్మా? అది లేకపోతే
అది నేనేనని మా మనవడు నమ్మట్లేదు."

ఆ ఏడడుగుల ముక్క పారెయ్యలేకపోయాను.
చేతిసంచీలో పడి కొరిటెపాడు దాకా వచ్చింది.
మేడ మీద మా అత్తగారు గుమ్మడి వడియాలు పెట్టి
కాకులకని ఏదో ఒకటి వెతుకుతూ
నన్నడక్కుండానే తీసి
రెండు కర్రల మధ్య బిగించి కట్టేసింది.
"ఏడడుగులుందా? పెళ్ళికి సరిపోద్ది," అని నవ్వింది.

ఎండకి తళతళ. గాలికి జుమ్మని ఒక మోత.
పంకా, గూడ్సుబండి, అడిగిన నేను,
చెప్పని ఆయన, అందరం అందులోనే ఉన్నాం.
వినడానికి మిషనే లేదు.

కాకి ఒకటి పిట్టగోడ మీద వాలింది.
మెడ వంచి అటు చూసింది.
రెండు గెంతులు గెంతి
వడియానికి జానెడు దూరంలో
ఆగింది.