వేలు విడిచిన చుట్టాలు

మా ఊళ్లో అందరం వేలు విడిచిన చుట్టాలమే.
పన్నెండు రంపాలు ఒకే చట్రంలో ఎగిరెగిరి దూకే మిల్లులో
ఒబెడ్ మామ చూపుడువేలు విడిచాడు,
తమ్ముడు ఆసా రెండు.
జీతాలిచ్చేనాడు గుమాస్తా మొహాలు చూసేవాడు కాదు,
చాచిన చేతుల్ని బట్టే మనుషుల్ని పోల్చుకునేవాడు.

ఫండీ అఖాతం రోజుకు రెండుసార్లు
మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది.
పోయినప్పుడు మైలు పొడుగున ఎర్ర బురద,
వచ్చినప్పుడు ఏడు నిలువుల నీళ్లు.
ఆ నీళ్ల మాట నమ్మే ఓడలు కట్టాం.
చలికాలమంతా ఎగువ అడవిలో స్ప్రూస్ నరికి
మంచు కరగ్గానే దుంగల్ని ఏటికి వదిలితే
సంతకు తోలిన గొడ్లలా ఒకదాన్నొకటి పొడుచుకుంటూ వచ్చేవి.

సిల్వాన్ కోమో పలకల సందుల్లో
తారు నార దూర్చి సుత్తితో దిగ్గొట్టేవాడు.
ఆ టకటకలకే మా అమ్మ రొట్టెపిండి పిసికేది.
అతను ఆగితే ఆమె చెయ్యీ ఆగేది.

రంపపు పొట్టును మాత్రం ఎవరూ లెక్క రాయలేదు.
ఏటి అడుగున అది జానెడు, మూరెడు,
ఆపైన మోకాటి లోతు పేరుకుంది.
మిక్‌మాక్ ముసలామె మాడ్లెన్ బుట్టలమ్ముకోను వచ్చి
వంతెన మీద చాలాసేపు నిలబడింది.
"ఈ ఏడు చేపలు ఎదురెక్కలేదు" అంది.
మా నాన్న ఒక బుట్ట కొన్నాడు.
అంతకుమించి ఏం జవాబు చెప్పాలో ఆయనకు తోచలేదు.

చివరి ఓడ పేరు లవీనియా డోక్స్.
యజమాని ఎలిఫలెట్ డోక్స్ పెళ్లాం పేరు.
ముందుకొమ్మున చెక్కిన బొమ్మకు
ఆవిడ కోపం కూడా అచ్చుగుద్దినట్టు దిగింది.
జారుడు దూలాలకు కొవ్వు పూసి,
బడికి సెలవిచ్చి,
పున్నమి పోటు కోసం కాచుకున్న వారంలోనే
సెయింట్ జాన్ నుంచి ఉత్తరం:
బేరమాడినవాళ్లు ఇనుప ఓడ కొనుక్కున్నారు.

నాలుగేళ్లు అలాగే నిలబడింది.
పోటు వచ్చి కాళ్లు తడిపేది, పోయేది.
కొవ్వంతా ఎలుకలు నాకేశాయి.
లవీనియమ్మ కొప్పులో సముద్రపు పిట్ట గుడ్లు పెట్టింది.

ఐదో ఏట, ఎవరూ నోరెత్తకుండా,
దిగ్గొట్టిన చేతులే మేకులు ఊడబెరికాయి.
పలకల్ని మళ్లీ అదే మిల్లుకు మోశాం.
రంపానికి పదును పెడుతున్న ఒబెడ్ మామ
"ఏ కోత తనదో దీనికి తెలుసు" అన్నాడు,
ఆకురాయి ఆపకుండా.

మా ఇల్లు ఆ కలపే.
ఇంకో పదకొండు ఇళ్లు, చర్చి పైకప్పు,
డోక్స్ శవపేటిక కూడా.
మా గోడలకు కాస్త వంపు ఉండిపోయింది.
వంటింట్లో గోలీ జారవిడిస్తే ఎటు తిరిగినా
పడమటి మూలకే పోతుంది.
నైరుతి గాలి లేచిన రాత్రి
ఇల్లంతా కిర్రుమంటుంది, తారు వాసన వేస్తుంది.
మా ఆయన నిద్రలోనే మంచం పట్టె గట్టిగా పట్టుకుంటాడు.
నేను లేచి, పొయ్యి ఆర్పి,
అలమరలో గిన్నెలు దొర్లకుండా
మధ్యలో గుడ్డలు దోపి వస్తాను.