తక్రార్ పెట్టె

ప్రతి బడికీ ఒక తక్రార్ పెట్టె ఉండాలని
సర్కారు జీఆర్ వచ్చింది.
మా సిరొంచ బడిల దాన్ని
నీళ్ల ట్యాంకు పక్క గోడకు కొట్టినం.
తాళంచెవి నాకిచ్చిండ్రు.
గణితం చెప్పేదాన్ని, లెక్క తప్పనని కాబోలు.

శనివారం చివరి గంట అయినంక
శిపాయి తలాండి లాలసు స్టూలు పట్టుకుంటడు,
నేను ఎక్కి తెరుస్త.
ఎనిమిదో తరగతి ఫ్యాను తిరుగుతలేదు.
హాస్టల్ పప్పుల ఉప్పే ఎక్కువ.
జాదవ్ సర్ చెవి మెలిపెడతడు, ఎప్పుడూ ఎడమదే.
అన్నీ మరాఠీల,
పైగీతకు ఆరేసిన బట్టల్లా
వేలాడే అక్షరాలు.

వాటి నడుమ
నాలుగు మడతల కాగితం ఒకటి.
విప్పితే ఏమీ లేదు.

మొదటి వారం ఎవరో ఆకతాయి అనుకున్న.
రెండో వారం మళ్లొచ్చింది.
మూడో వారం మడత మీద ఎర్రటి వేలిముద్ర,
ముక్కు దగ్గర పెట్టుకుంటే తుమ్ములు.
లాలసు నవ్విండు:
"మిర్చి, బాయీ."

మాఘం పోతే ఇక్కడి ఇండ్లు తాళాలేసుకుంటయి.
ట్రాక్టర్లు ప్రాణహిత వంతెన దాటి
కిలోల లెక్కన మిరపకాయ ఏరే చేతుల్ని
అవతలి చేన్లల్ల దింపొస్తయి.
పిల్లలు హాస్టల్ల మిగులుతరు.

హాజరుపట్టీ తిరగేసిన.
సోమవారం ఆలస్యమయ్యే పేర్లు ఏడు.
ఏడుగురినీ బోర్డు దగ్గరికి పిలిచి
భిన్నాలు చేయమన్న,
లెక్కలు కాదు, వేళ్లు చూసిన.
దొంగను పట్టినట్టు పట్టినందుకు
ఇప్పటికీ సిగ్గయితది.
దుర్గం సారిక
సుద్దముక్కను గోళ్ల కొసలతో పట్టుకున్నది,
నిప్పుకణికను పట్టినట్టు.

పేరు పెట్టి పిలిస్తే
తరగతంతా తల తిప్పుతది.
"ఈ కాపీలు మొయ్యి" అని
స్టాఫ్‌రూం దాకా నడిపించుకున్న.
కొబ్బరినూనె సీసా ముందర పెట్టిన.
నీళ్లతో కడిగితే మంట పెరుగుతదని
చెప్పింది మా అమ్మ, శిక్షణల కాదు.
శిక్షణల చెప్పింది వేరే:
విద్యార్థి కండ్లల్లకు చూడాలె,
ఆత్మీయంగ ప్రశ్నించాలె.
నేను కిటికీల నుంచి సైకిళ్లను చూసిన,
చానాసేపు.
లాలసు ఒక గంట కొట్టిండు,
ఇంకోటి కొట్టిండు.

"ఏం రాద్దామనుకున్నవు?" మరాఠీల అడిగిన.
"కాహీ నాహీ."
తెలుగుల అడిగిన.
నవ్వొచ్చింది పిల్లకు,
బడిల నా నోట ఆ భాష వినలేదింక.
"రాయరాదు, బాయీ."
"మొన్న నిబంధంల పదికి ఎనిమిదొచ్చినయి గదా?"
"అది వానకాలం మీద.
ఇది ఇంటిది.
ఇంటిది మరాఠీల రాస్తే ఎవరిదో అయితది.
తెలుగుకు నాకు అక్షరాలు లెవ్వు."

నాకు మాత్రం ఏమున్నయని?
మా నాయన సంతకం మరాఠీ, తిట్టు తెలుగు.
నేను తెలుగు నేర్చుకున్నది
అవతలి బస్సుల బోర్డుల మీద.
మంచిర్యాల అని కూడబలుక్కునే లోపల
బస్సు వెళ్లిపోయేది.

నూనె ఒక్కో వేలికి రాసుకుంటూ చెప్పింది:
అమ్మ ఫోనెత్తక పందొమ్మిది దినాలు.
ముకద్దం ఏ చేనో చెప్పడు.
ఆదివారం ఒక్కో ఊరు దిగి అడుగుతది,
తిరుగు ఛార్జీకి
ఆ చేన్లనే పొద్దుగూకేదాకా ఏరుతది.
అంతే. ఏడ్వలేదు.
"పెట్టెల వేస్తే మనసు తేలికయితదన్నరు, ప్రార్థనల.
కాలే."
అన్నది నేనే.

నెలాఖరు నివేదికల ఒక గడి ఉంటది,
తక్రార్ స్వరూపం.
ఇంకో గడి, తీసుకున్న చర్య.
ఖాళీ కాగితాలు మూడూ పిన్ను చేసి
రెండు గడులూ అట్లే ఒదిలేసిన.
హెడ్‌మాస్తర్ కండ్లద్దాలు తీసి నన్ను చూసిండు,
మళ్లీ పెట్టుకొని చూసిండు.

ముకద్దం నంబరు నా ఫోన్ల ఉన్నది.
మోగుతది, ఎత్తడు.

ఆదివారం తెల్లారకముందే
బస్టాండుల ఇద్దరం.
పిల్ల చేతిల నిరుటి ఫొటో,
నా సంచిల నూనె సీసా.
బస్సొచ్చింది.
పైకి చదివిన, ఒక్కో అక్షరం,
డ్రైవరు హారన్ కొడుతున్నా.