అలిగిన నాడు

ఐదు దినాలు ఎత్తిన పీట
ఆ పొద్దు గోడకు ఒరిగి ఉంటది.
తాంబాలం బోర్లేసి ఉంటది.
రంగు నీళ్లల్ల ముంచని గునుగు
మూలకు తెల్లగ ఎండుతుంటది.

ఆరో నాడు బతుకమ్మ అలుగుతది.
మా మర్రిగూడ దిక్కు పల్లెల్ల
ఆ పొద్దు పూలు తెంపరు, పాట ఎత్తరు,
పలారం మాటే ఉండది.
ఎందుకలిగిందంటే
పేర్చేటప్పుడు నీసు తగిలిందని
ఊరంత ఒకటే మాట.

అండాలు చిన్నమ్మది వేరే మాట.
"నీసు తగిల్తే అలుగుతదా ఏందే?
ముత్యాలమ్మ ఆమె చెల్లెలే గద,
యాటపోతును వద్దంటదా?
అటుకులల్ల మన బోరు నీళ్లు కలిసినయి.
కాళ్లు గుంజినయి తల్లికి.
ఎవలకు చెప్పుకుంటది?"

ముప్పై ఐదేండ్లకే
చిన్నమ్మ నడుము కొడవలి లెక్క వంగింది.
ఆటల అందరు వంగుతరు, చప్పట్లు కొట్టి లేస్తరు.
ఈమె వంగే ఉంటది,
లేచేటోళ్ల కాళ్ల పట్టీలు చూసుకుంట
చప్పట్లు మాత్రం తప్పదు.

నాకేమో పండ్లు.
గౌరమ్మకు కలిపిన పసుపు
వేలుకు అంటితే కడిగితే పోతది,
ఇది పోదు.
పాటకు నోరు తెరిచినప్పుడల్ల కొంగు అడ్డం పెడితే
సిగ్గున్న పిల్ల అనుకున్నరు అత్తగారోళ్లు.

మొన్న ఆ అలిగిన నాడే
చండూరు మంటపానికి పోయిన.
లలితా త్రిపురసుందరి అని బోర్డు రాసిన్రు.
నిన్న అన్నం గంటె పట్టిన చేతిల
ఇయ్యాల చెరుకు గడ.
చీర మారింది, కిరీటం మారింది,
ఎడమ చెంప మీద రంగు లేచిన జాగ
అట్లనే ఉంది.
అయ్యగారు దాని మీదికి
పూలదండ కొంచెం జరిపిండు.

ఇంటికొస్తే చిన్నమ్మ అరుగు మీద.
"ఏమై కూసుందే ఇయ్యాల?"
"లలిత."
"అలిగినట్టున్నదా?"
"లేదు, నవ్వుతుంది."
"మట్టి గద. ఎట్ల దిద్దితే అట్ల."

ఆ పొద్దు చిన్నమ్మ పొయ్యి ముట్టించది.
గాలయ్య చిన్నాయన
నిన్నటి అట్లు రెండు, చల్లటియి, నిలబడే తింటడు.
చాయ్ హోటల్ల తాగొస్తడు.
ఎందుకు వండలేదని అడగడు.
అడుగుతే తల్లిని అడిగినట్టే.
ఏడాదిల మూడు వందల అరవై నాలుగు దినాలు
ఉప్పెక్కువైందనేటి నోరు
ఆ ఒక్క పొద్దు
వక్క నములుకుంట ఊకుంటది.

చిన్నమ్మ ఏం చేయది.
గోడకు వీపు ఆనిచ్చి
ఆనీ ఆననట్టు కూసుంటది.
అరుగు కింద కోడిపిల్లలు తిరుగుతయి.
పిలిస్తే పలకది.
నేను పక్కన కూసున్న.
నవ్వొచ్చింది, ఎందుకో తెల్వది.
కొంగు అడ్డం పెట్టబోతే
చెయ్యి పట్టి కిందికి గుంజింది.
అంతే. ఏం మాట్లాడలె.

ఇప్పుడు ఇంటింటికి కృష్ణ నీళ్లు.
నల్లా తిప్పితే తియ్యగనే ఉంటయి.
పిల్లల పండ్లు జొన్నగింజల లెక్క తెల్లగ వస్తున్నయి.
చిన్నమ్మ ఎముకలు మాత్రం
పాత నీళ్లనే మోస్తున్నయి.

తెల్లారి, ఏడో నాడు,
నేను లేచేసరికే బియ్యప్పిండి తడిపింది.
నూనె కాగుతుంది.
రెండు వేళ్ల నడుమ పిండి ఉండ్లను
వేపకాయల లెక్క ఒత్తుతుంది.
పిడికిలి పూరా తెరుసుకోదు గని
ఆ రెండు వేళ్లు మంచిగ ఆడతయి.
పెరట్ల గునుగు కట్టలు
ఎర్ర రంగుల ముంచి పెట్టి ఉన్నయి.

"చిన్నమ్మా, కోపం పోయిందా తల్లికి?"

జాలిగంటె నూనెల తిప్పుకుంట
నా దిక్కు చూడకుండనే అన్నది:

"ఆమెది ఆమెకే తెల్వాలె.
నాది ఇంకింత ఉన్నది.
వచ్చే యేటికి ఉంచిన.
ఆ కొప్పెర ఇటియ్యి, మాడుతున్నయి."